పారువేటలో ఆడజింక

జింకకు చెమట పడుతుందో లేదో నాకు తెలియదు గానీ జింక తోలు కప్పుకున్న మనిషికి మాత్రం ధారలు కట్టి పడుతుంది. వైశాఖ మాసం, పొద్దు ఇప్పుడిప్పుడే వాలుతోంది, నేను తంగేడు పొద వెనక మోకాళ్ళూ అరచేతులూ నేలకు ఆనించి కూర్చున్నాను, వీపున తోలు, నెత్తిన జింక తల, మెడ కింద ఒక ముడి, పొట్ట కింద ఒక ముడి, రెండూ మా అత్త రూతు వేసినవి, ఆవిడ ముడి వేసిందంటే విప్పడానికి దేవుడే దిగిరావాలి. దేవుడు దిగే వస్తున్నాడులే. గుట్ట మీది గుడి నుంచి పల్లకీ బయలుదేరి చాలాసేపయింది, పలక డప్పుల చప్పుడు దగ్గరవుతుంది, దూరమవుతుంది, మళ్ళీ దగ్గరవుతుంది, దారిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి హారతి తీసుకోవాలి గదా, ఏ గుమ్మాన్ని వదిలేసినా ఆ ఇంటివాళ్ళు ఏడాది పొడుగునా సాధిస్తారు. స్వామి పారువేట మండపానికి చేరాలి, వేటగాడి అలంకారం చేయించుకోవాలి, ఆయన తరఫున మా నాయన నాటు తుపాకీలో మందు కూరి జింక మీద పేల్చాలి, జింక పడిపోవాలి. రవ్వలేమీ ఉండవు, ఉత్త మందూ గుడ్డపీచే. పడిన జింక దగ్గరికి తుపాకీ పట్టినవాడే నడిచొచ్చి, గొట్టం కొనతో దాని వీపు తాకి, “లేయమ్మా, లే, స్వామి విడిచిపెట్టినాడు, అడివికి పో” అనాలి. అప్పుడు జింక లేచి అడవిలోకి పరుగెత్తాలి. అదీ మా ఊరి పారువేట. ఆ ఒక్క మాట కోసమే నేను ఈ తోలులో దూరాను, ఎవరికీ చెప్పలేదు. మా నాయన వెంకటముని నాతో మాట్లాడి పదేళ్ళు దాటింది.

ఊరు అనుకునేది వేరు. తోలు మోసే దయానంద్ కాలు విరిగింది కాబట్టి పెళ్ళాం వచ్చి మోస్తోందని ఊరు అనుకుంటోంది, అదీ అబద్ధం కాదు. దయానంద్ నా మొగుడు. బంగారుపాళ్యం మార్కెట్లో మామిడికాయలు దించేసి టూవీలర్ మీద వస్తుంటే అదాటున వాన పడింది, రోడ్డు జారింది, మనిషి ఒక పక్క, బండి ఒక పక్క. పుత్తూరు కట్టు కట్టించాం, ఆకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టి చుట్టి ఆ కాలిని అరటి బోదె చేసి పంపించారు. ఆటోలో వస్తూ వస్తూ “నాలుగు కాళ్ళ ఏషమే గదా, ఒకటి పోతే ఇంకా మూడుండాయి, నేనే ఏస్తా” అన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయనకు అన్నదమ్ములు లేరు. తోలు వేరే ఇంటికి పోకూడదు, పోయిందా మళ్ళీ రాదు, ఊరి మర్యాదలన్నీ అంతే, చేతులు మారినంత తేలిగ్గా తిరిగి రావు. అప్పుడు నేను వేస్తానన్నాను. అన్నాక నాకే గుండె దడదడలాడింది, ఎందుకంటే అవతల తుపాకీ పట్టేది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది. కాదు, అబద్ధం, అవతల తుపాకీ పట్టేది ఎవరో గుర్తున్నందుకే ఆ మాట అన్నాను.

చీమ. గండుచీమ, ఎడమ చెయ్యి మీదికి ఎక్కుతోంది. జింక కదలకూడదు, మండపం దగ్గర జనం అప్పుడే చేరుతున్నారు, పొద కదిలితే పిల్లకాయలు “అదో జింక, అదో” అని కేకలేస్తారు. ఎక్కు తల్లీ ఎక్కు, నీకు కుట్టాలనిపిస్తే తోలు మీద కుట్టు, అది ఎవరు కుట్టినా ఏమీ అనదు. గుడి కమిటీ కూర్చున్న రోజు కూడా ఇట్లాంటి ఎండే. కమిటీ పెద్ద రఘునాథ్ గారు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ “ఆడది జింకయ్యేదేందబ్బా, ఇది ఆచారం గాదు” అన్నారు. మా అత్త చుట్టగా చుట్టిన తోలు తెచ్చి అరుగు మీద పరిచింది. “సామీ, దీనికి కొమ్ములుండాయా సూడండి” అంది. “కొమ్ముల్లేవు, కొమ్ములుండే గురుతూ లేదు. ఇది ఆడజింక. ఇన్నేళ్ళుగా ఆడజింకను మొగోళ్ళు మోస్తా ఉంటే తప్పు గాలేదే, ఇప్పుడు ఆడజింకను ఆడది మోస్తే తప్పొచ్చి పడిందా?” రఘునాథ్ గారు కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశారు, తల తడిమారు, పక్కనున్నవాళ్ళ వైపు చూశారు, వాళ్ళూ తడిమారు. మా నాయన ఆ సేపంతా స్తంభానికి ఆనుకుని నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. అందరూ ఒప్పుకున్నాక లేచి, కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది, నాగరత్నమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా దొంగ గొంతుతోనే చేస్తుంది. “మీ నాయన ఏమీ అనలేదు అమ్మీ. సరే అనలేదు, కాదనీ అనలేదు. అన్నం మాత్రం సగం ఇడిచిపెట్టినాడు” అంది. ఆ సగం అన్నానికి అర్థం ఏమిటా అని నేను తెల్లారేదాకా ఆలోచించాను.

తోలు లోపలి వాసన ఎట్లా ఉంటుందంటే, ఆముదం, తంగేడు చెక్క, వేపాకు పొగ, గుళ్ళో కర్పూరం, వీటన్నిటి కిందా ఎక్కడో అడుగున నా మొగుడి చెమట. దాన్ని పట్టుకుంటే నాకు ధైర్యంగా ఉంది. ఈ జింకను కొట్టింది మా తాత, మా నాయనకు నాయన. అప్పట్లో స్వామి పేరు చెప్పి ఏడాదికొక జింకను నిజంగానే కొట్టేవాళ్ళట. తరువాత చట్టం వస్తుందని తెలిసి, ఇదే ఆఖరిదని చెప్పి ఈ చుక్కల దుప్పిని కొట్టి, తోలు తీసి తోలు ఇంటికి ఇచ్చాడట. పదును చేసింది దయానంద్ తాత. అడవి శాఖ వాళ్ళు ఇచ్చిన కాగితం గుళ్ళో పటం కట్టి ఉంది, ఏటా బీటు ఆఫీసరు వచ్చి కాగితం చూసి, తోలు చూసి, పులిహోర తిని పోతాడు. కుడి భుజం దగ్గర మా తాత రవ్వ దిగిన చిల్లి ఉంది, దాని చుట్టూ దయానంద్ తాత వేసిన కుట్టు ఉంది, నరంతో వేసిన కుట్టు, ఇప్పటికీ ఒక్క పోగు ఊడలేదు. మాది తుపాకీ పట్టిన కులం, వాళ్ళది తోలు పట్టిన కులం, ఈ రెండు ఇళ్ళ నడుమ ఊళ్ళో మూడు వీధులున్నాయి, అయినా ఈ తోలు మీద ఆ రెండు ఇళ్ళూ ఎప్పుడో పక్కపక్కన చేరిపోయాయి. మాకే ఆలస్యంగా తెలిసింది.

తోలు సంగతి నాకు నేర్పింది మా అత్తే. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను ఏమీ తెలియక దాన్ని పట్టుచీర మాదిరి నాలుగు మడతలు పెట్టి పెట్టెలో పెట్టబోతే నెత్తిన చెయ్యి పెట్టుకుంది. “తోలును మడిసినావంటే మడత కాడ ఇరుగుతాదే, సుట్టాల, సుట్టి ఏలాడదియ్యాల” అని కేకలేసింది. ఆదివారం పుత్తూరు చర్చికి పోయి ఏసయ్యకు పాటలు పాడి వస్తుంది, శనివారం స్వామి తోలుకు ఆముదం పూస్తుంది, ఈ రెంటికీ ఏమన్నా పేచీ ఉందా అని అడిగితే “ఆయన గొర్రెలు కాసినాడు, ఈయన జింకల ఎనక పడినాడు, నడమ నాకేమి పేచీ” అంటుంది. వానాకాలం పోయాక తోలును నీడలో తాడు మీద ఆరేయాలి, ఎండ తగిలితే బిరుసెక్కుతుంది. వెంట్రుకల వైపు చెయ్యి పెట్టకూడదు, లోపలి వైపే పని. తంగేడు చెక్క, కరక్కాయ దంచి కాచిన నీళ్ళు గుడ్డతో అద్దాలి, అది పీల్చుకుని ఆరాలి, మళ్ళీ అద్దాలి, తోలు ఎర్రమన్ను రంగుకు తిరిగేదాకా. అప్పుడు ఆముదం. అప్పుడు ఇద్దరం చెరొక కొసా పట్టుకుని మంచం పట్టె మీద అటూ ఇటూ లాగాలి, రోకలితో దంచినట్టు ఒక లయలో, మెత్తబడేదాకా. లాగుతూ లాగుతూ మా అత్త తన కథలు చెప్పేది, నేను నావి చెప్పేదాన్ని, మా నాయన మాట వచ్చినప్పుడు ఆవిడ లాగడం ఆపేది. “మెత్తబడతాడులే” అనేది. “పచ్చితోలప్పుడు ఇది గూడా పలక మాదిరి టంగుటంగుమనింది. పదును తెలిస్తే ఏదైనా మెత్తబడతాది.” మనుషుల పదును తోళ్ళంత సులువా అత్తా అనుకునేదాన్ని, పైకి అనేదాన్ని కాదు.

పలకలు దగ్గరికొచ్చాయి. మండపం ముందు మైకులో ఎవరో తప్పిపోయిన పిల్ల గురించి చెబుతున్నారు, ఎర్ర గౌను, వయసు నాలుగేళ్ళు, తల్లి వచ్చి తీసుకుపోవాలట. నాకు ఒళ్ళు జలదరించింది, మా పాప లోహిత కాదు గదా అని, లోహితకు ఏడేళ్ళు, ఎర్ర గౌను లేదు, వాళ్ళ నాయన ప్లాస్టిక్ కుర్చీ పక్కనే నిలబడి ఉంటుంది. లేదా వాళ్ళ తాత దగ్గర ఉంటుంది. మా నాయన మనవరాలితో మాట్లాడతాడు, అదొక విచిత్రం. అది తుపాకీ ఇంటికి పోయి వస్తుంటుంది, వాళ్ళ అవ్వ తలకు నూనె పెడుతుంది, తాత మామిడి తాండ్ర ఇస్తాడు, బళ్ళో ఏం చెప్పినారని అడుగుతాడు, “మా అమ్మ” అని అది మొదలుపెట్టగానే ఆయనకు దగ్గు వస్తుంది. ఆ దగ్గు ఎట్లా వస్తుందో అది ఇంటికొచ్చి నాకు చేసి చూపిస్తుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, నాలుగోది కళ్ళముందు కనపడినా దగ్గి పక్కకు తిరుగుతాడు. అమ్మకు తిరుపతిలో ఆపరేషన్ చేయించినప్పుడు ఆసుపత్రి వరండాలో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఆయన లేచి వెళ్ళి రెండు టీలు తెచ్చాడు, ఒకటి తాను పట్టుకుని ఒకటి బల్ల మీద మా ఇద్దరి నడుమ పెట్టి గోడకేసి చూస్తూ తాగాడు. ఆ టీ నాకని చెప్పలేదు. నాకు కాదనీ చెప్పలేదు. మీగడ కట్టేదాకా చూసి తాగేశాను, చక్కెర ఎక్కువ వేయించినట్టున్నాడు, చిన్నప్పుడు నేను అట్లాగే తాగేదాన్ని. ఆ తియ్యదనానికి నాకు ఏడుపు ఆగలేదు, ఆయన మాత్రం గోడనే చూస్తూ ఉన్నాడు.

అంతకు ముందు ఆయన మాటకు కరువే లేదు. నేను ఒక్కతే బిడ్డను, మగపిల్లలు లేని ఇంట్లో తుపాకీ తుడిచే పని నాదే. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకీని స్టేషన్లో పెట్టి రావాలి, కొత్త పెళ్ళికూతుర్ని అత్తగారింట్లో దించివచ్చినట్టు ముఖం వేలాడేసుకుని వచ్చేవాడు, ఎన్నికలయ్యాక తెచ్చి దానికి నూనె పూసి, దుమ్ము దులిపి, “బక్కచిక్కిపోయింది” అనేవాడు. శనగచేను కాపుకొచ్చినప్పుడు అడవిపందులను బెదరగొట్టడానికి చేలో గుడిసె వేసుకుని కూర్చునేవాళ్ళం. నాకు ఆ పేలుడు అంటే చచ్చేంత భయం, చెవులు మూసుకుని ఏడ్చేదాన్ని. అప్పుడు నా కళ్ళు మూయించి, కడ్డీతో గొట్టంలోకి దంచుతూ వినమన్నాడు. మందు పోసి పీచు కూరితే కడ్డీ దబ్ దబ్‌మంటుంది, ఉత్త గొట్టంలో అయితే అడుగున ఇనుముకు తగిలి ఠంగ్ ఠంగ్‌మంటుంది. “దబ్బుమంటే దాని కడుపు నిండినట్టు. ఠంగుమంటే ఆకలితో ఉన్నట్టు. ఆకలితో ఉండే తుపాకికి బయపడబాకు పాపా, అది ఏమీ సేయలేదు” అన్నాడు. కొన్నాళ్ళకు ఎంత దూరం నుంచి విన్నా చెప్పేసేదాన్ని. సగం కడుపు, ముప్పావు కడుపు అని కూడా చెప్పేదాన్ని, నాయన విరగబడి నవ్వేవాడు, నన్ను భుజం మీద ఎక్కించుకుని చేను గట్టంతా తిప్పేవాడు. పెరిగాక, దయానంద్‌ను చేసుకుంటానని చెప్పిన రోజు, ఆయన తుపాకీ తుడుస్తున్నాడు. తుడవడం ఆపలేదు. ఆఖరి మాట ఏమిటంటే, “వాకిలి దగ్గరికెయ్యి” అన్నాడు, నేను వెళ్ళేటప్పుడు. నన్ను బయటికి పొమ్మన్నాడా, గాలికి తలుపు కొట్టుకుంటోందనా, ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ ఏటి నుంచి మొన్నటి ఏడు దాకా నా మొగుడి మీద మా నాయన తుపాకీ పేల్చాడు. సంవత్సరానికొకసారి అల్లుడి మీద తుపాకీ పేల్చే భాగ్యం ఏ మామకు దొరుకుతుంది, దొరికిన మామ వదులుకుంటాడా. మందు రెండింతలు వేస్తాడని దయానంద్ అంటాడు, తోలు మీద ఎడమ పక్క మాడిన మచ్చలన్నీ అల్లుడయ్యాక వచ్చినవే. పేల్చాక గొట్టం కొనతో పొడిచినట్టు తాకి, “లే, అడివికి పో” అంటాడట, లేయమ్మా అనాల్సిన చోట అమ్మ ఉండదట, స్వామి విడిచిపెట్టినాడు అనే మాట కూడా మింగేస్తాడట. “స్వామి ఇడిసిపెట్టినా మీ నాయన ఇడిసిపెట్టలేదు” అని దయానంద్ నవ్వుతాడు. ఆ నవ్వును చూసే నేను ఈయన్ని చేసుకున్నాను. అయినా ప్రతి పారువేటకూ ఇంట్లో కూర్చుని ఆ పేలుడు విని, నాలో నేను అనుకునేదాన్ని, పొడిచో తిట్టో, నా మొగుడికి ఏడాదికొక మాట దక్కుతోంది, నాకు అదీ లేదు. అందుకే ఇవాళ ఇక్కడున్నాను. మంత్రం మాటే కావచ్చు, తరతరాల నుంచి అందరూ అనే మాటే కావచ్చు, “లేయమ్మా” అని ఆయన గొంతు నా వైపు తిరిగి అనాలి. నన్నే అనాలి. అమ్మ అనే ముక్క మింగినా ఫరవాలేదు, లే అంటే చాలు, నాకు లేవడం వచ్చు.

పలకలు ఆగిపోయాయి. మందు కూరేటప్పుడు ఆపుతారు, అదీ ఆచారమే, వేటలో చప్పుడుండకూడదని. జనం కూడా సద్దుమణిగారు, చంటిపిల్ల ఒకటి ఏడుస్తోంది, తల్లి దాని నోట్లో ఏదో పెట్టినట్టుంది, అదీ ఆగింది. తోలు కళ్ళ కంతల్లోంచి చూస్తే మండపం మెట్ల మీద తెల్ల పంచె, తెల్ల తలపాగా, చెమట కళ్ళల్లో పడి ముఖం తెలియడం లేదు గానీ నిలబడే తీరు తెలుస్తోంది, కుడి కాలు కాస్త ఎడంగా. ముసలివాడయ్యాడు. ఎప్పుడు అయ్యాడో నేను చూడలేదు. తుపాకీని నిలబెట్టి కడ్డీ తీశాడు. నా గుండె నా చెవుల్లోనే కొట్టుకుంటోంది, తోలు లోపల ఆ చప్పుడు మరీ ఎక్కువగా ఉంది, ఊపిరి బిగబట్టి విన్నాను, మందు కొంచెం వేశాడా, ఎక్కువ వేశాడా, అల్లుడికి వేసినంతే నాకూ వేశాడా.

ఠంగ్.

నా చెవులకు ఏమైనా అయిందేమో అనుకున్నాను. ఠంగ్, ఠంగ్, ఠంగ్. ఆగకుండా దంచుతున్నాడు, ఎన్నడూ లేనంతసేపు, ఊరంతా చూస్తోంది, ముసలాయన ఈసారి గట్టిగా కూరుతున్నాడని అనుకుంటూ ఉంటుంది, ఊరికి కడ్డీ ఆడటం తెలుసు, చప్పుడు తెలియదు. అది ఉత్త గొట్టం. మందు లేదు, పీచు లేదు, అడుగు ఇనుము ప్రతి దెబ్బకూ గంట కొట్టినట్టు పలుకుతోంది. నాకు మొదట ఏమీ అర్థం కాలేదు, తరువాత ఒక్కసారిగా అర్థమయింది, అర్థమయ్యాక ఒళ్ళంతా మండిపోయింది. తుపాకీ పేలకపోతే జింక పడదు. పడని జింక తనంతట తానే లేచి అడవిలోకి పోతుంది, తుపాకీ పట్టినవాడు దాని దగ్గరికి రానక్కరలేదు, తాకనక్కరలేదు, ఒక్క మాట అననక్కరలేదు. ఎప్పుడో మా తాత రోజుల్లో వాన పడి మందు తడిసి ఒకసారి అట్లా జరిగిందట, తుపాకీ ఇల్లు చల్లారిందని ఊరంతా ఏడాది పాటు నవ్విందట, మా తాత పండక్కి కూడా వీధిలోకి రాలేదట. అంత తలవంపును కూడా నెత్తికెత్తుకుంటాడు గానీ నాతో ఒక్క మాట అనడన్నమాట. నా కోసం ఇంత దారి వెతికాడు. చింత చచ్చినా పులుపు చావదని ఊరికే అన్నారా. చెమటా కన్నీళ్ళూ కలిసి తోలు లోపలే ముక్కు మీదుగా కారాయి, తుడుచుకోవడానికి చేతులు నేల మీద ఉన్నాయి.

పరిగెత్తు అలివేలూ, లేచి పరిగెత్తు, అదే ఆచారం, వాగువంక దాటితే మా అత్త నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉంటుంది, తోలు విప్పేసి ఇంటికి పోవచ్చు, దయానంద్‌కు కాలు నయమయ్యాక మళ్ళీ ఆయనే వేస్తాడు, మా నాయన మళ్ళీ రెండింతల మందు వేస్తాడు, నేను మళ్ళీ ఇంట్లో కూర్చుని వింటాను. ఇంకో పదేళ్ళు. ఆయనకు ఇంకో పదేళ్ళు ఉన్నాయా. అటు చూశాను. తుపాకీ ఎత్తాడు. పూజారి గంట ఆడించాడు. నేను పొదలోంచి బయటికి రావాలి, వచ్చాను, నాలుగు కాళ్ళ మీద నాలుగు గంతులు వేశాను, దయానంద్ నేర్పినట్టే తల ఎత్తి, మండపం వైపు తిరిగి నిలబడ్డాను. జనం ఓ అని అరిచారు. మీట నొక్కాడు, తుపాకీ గుర్రం పడింది, టక్ మని, అంతే, ఒక చిన్న ఇనుప టక్. పొగ లేదు, నిప్పు లేదు.

నేను పడిపోయాను.

ఎందుకు పడ్డానంటే మొండితనం, ఇంకేమీ కాదు. నేనూ ఆయన కూతుర్నే. పేలని తుపాకీకి జింక పడటం ఈ ఊళ్ళో ఎన్నడూ లేదు గదా, ఇవాళ ఉండనీ. పడిన జింకను లేపకుండా ఎట్లా పోతాడో చూస్తాను, చీకటి పడేదాకా ఇక్కడే పడుంటాను, స్వామి కూడా పల్లకీలో అట్లాగే కూర్చుని చూడనీ. పడటం మాత్రం సరిగా పడలేదు, కుడి మోకాలు గులకరాయి మీద పడి భగ్గుమంది. తరువాత ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది, రఘునాథ్ గారి గొంతు మైకులోనే వినిపించింది, “ఏందబ్బా ఇది, పేలనే లేదు, జింక పడిపాయనే!” నవ్వులు పుట్టాయి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పాకాయి. ఎండకు కళ్ళు తిరిగి పడ్డాననుకున్నాడో ఏమో, దయానంద్ “అలివేలూ!” అని కేకేశాడు, కుర్చీ నేల మీద బరబరా జరిగిన చప్పుడు, “నువ్వు లేయబాకప్పా, కాలూ, కాలూ” అని పక్కవాళ్ళ అరుపులు. నేను కదల్లేదు. చెంప కింద నేల పొయ్యి మీది పెనం మాదిరి ఉంది. కళ్ళు మూసుకున్నాను. రా నాయనా, రా. నవ్వితే నవ్వనీ వాళ్ళను, నువ్వు రా.

అడుగులు వినిపించాయి. చెప్పుల్లేని కాళ్ళు, కుడిది కాస్త ఈడుస్తూ, మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా, ఆఖరికి అది నడక కాదు, పరుగు, ముసలాయన పరుగు. నా పక్కకొచ్చి ఆగింది. రొప్పుతున్నాడు. గొట్టం కొన వీపుకు ఇప్పుడు తగులుతుంది, ఇప్పుడు తగులుతుంది అని వీపంతా బిగబట్టుకుని ఉన్నాను. తగల్లేదు. తుపాకీని నేల మీద పడేసిన చప్పుడయింది, దుమ్ములో, ఆ తుపాకీని ఆయన గోడకు ఆనించడానికి కూడా గుడ్డ వేసేవాడు. మోకాళ్ళు పటపటమన్నాయి, కూర్చున్నాడు. రెండు చేతులు వచ్చి నా తల మీది జింక తలను పట్టుకుని వెనక్కి లాగాయి. వెలుతురు, గాలి, ఆయన ముఖం. తెల్లటి గడ్డం, ఎర్రటి కళ్ళు.

“పేల్చలేదు గదనే” అన్నాడు. “ఎందుకు పడితివి?”

చేతులు ఇప్పుడు ఖాళీ, ముఖం తుడుచుకున్నాను.

“కడ్డీ అంతసేపు కొడితినే. ఇనపడలేదా నీకు?”

తలూపాను, వినపడిందని.

“ఇనపడాలనే గదా కొట్టింది. పొదలో కూసోని బయపడతా ఉంటావని. గొట్టంలో ఏమీ లేదురా అని ఈ ఊళ్ళో ఇంకెవురికి తెలస్తాది, నీకొక్కదానికే గదా తెలిసేది.” తలపాగా కొసతో ముఖం తుడుచుకున్నాడు. “ఆడబిడ్డ మింద గురి పెట్టి మందు కాలుస్తానా నేను? తుపాకి ఇల్లు సల్లారిందంటారు, అననీ. నవ్వతారు, నవ్వనీ. నువ్వు సక్కంగా లేసి పోతావులే అనుకుంటి. నువ్వేమో పడిపోతివి, పానం పోయినంత పనాయ నాకు.”

పొదలో కూర్చుని ఏం విన్నానో, ఆయన ఏం చెప్పాడో రెండూ నా బుర్రలో ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఊరంతటి ముందూ, స్వామి ముందూ, అంతసేపు, అంత గట్టిగా నాతోనే మాట్లాడుతూ ఉన్నాడు, నేను దాన్ని మాట్లాడకపోవడం అనుకుని మండిపడ్డాను. సంతోషం అనే మాట దీనికి చాలదు, ఛాతీ పగిలిపోతుందేమో అనిపించింది. మండపం దగ్గర నవ్వులు తగ్గిపోయాయి, పూజారి దగ్గుతున్నాడు, అనాల్సిన మాట ఇంకా అనలేదని గుర్తు చేస్తున్నట్టున్నాడు, మా నాయన అది వినే తీరులో లేడు. ఆయన నా కాలి వైపు చూస్తున్నాడు. చీర చిరిగిన చోట మోకాలి దగ్గర నెత్తురు కనిపించినట్టుంది, చెయ్యి అక్కడిదాకా తెచ్చి ముట్టుకోకుండా ఆపాడు.

“తగిలిందా?” అన్నాడు.

జింక మాట్లాడకూడదు. తోలు ఇంటివాళ్ళెవరూ, తోలు ఒంటి మీద ఉండగా ఏ కాలంలోనూ నోరు విప్పలేదు.

“మోకాలు గీరుకునింది నాయనా” అన్నాను.